పువ్వుకు రంగు పెంచే ముందు

 

పోస్టు కొంచెం పెద్దదే. మెస్ లైన్‌లో నిలబడి చదివేది కాదు. రాత్రి తిన్నాక తీరిగ్గా చదవండి.

విషయం మాత్రం చిన్నదిగానే కనిపిస్తుంది. పూల ఫోటోలను ఫోన్‌లో ఎడిట్ చేయడం. రంగు పెంచడం, వెనకున్నదంతా నల్లగా చేయడం, బొమ్మ గీసినట్టు మార్చడం. మన గ్రూపులో కూడా ఎండాకాలం వచ్చిందంటే మోదుగ, ఇప్ప, రేల ఫోటోలు వరసగా పడుతుంటాయి. మేమూ పెడతాం, ఇష్టంగానే పెడతాం. కానీ ఈ ఏడాది ఇదే విషయం మీద మా రూములో పెద్ద పంచాయితీ అయింది. అందులో డబ్బులున్నాయి, ఇద్దరు చెల్లెళ్ల చదువుంది, ఊళ్లో పెద్దవాళ్ల మాట కూడా ఉంది. చివరికి మాకు తేలిన మాట ఇది: పువ్వు ఫోటోకు రంగు వేయొచ్చు, ఎంతైనా వేయొచ్చు. వేశామన్న సంగతి చూసేవాళ్లకు తెలియాలి. తెలియకపోతే ఆ పువ్వు మన చేతిలోంచి పోతుంది. ఈ మాట దగ్గరికి ఎట్లా వచ్చామో చెప్తాం.

మేం ఐదుగురం. నలుగురివి ఉట్నూరు, జైనూరు వైపు గూడేలు. ఒకరిది పాడేరు వైపు. హైదరాబాద్‌లో చదువుతున్నాం, ఒకే రూములో ఉంటున్నాం. కెమెరా ఎవరికీ లేదు. ఐదు ఫోన్లున్నాయి, అందులో రెండింటి స్క్రీన్లు పగిలినవే. పోటీ పరీక్షలకు చదువుతున్న మా ఊరి చెల్లెళ్లు ఇద్దరికి కోచింగ్ ఫీజు కట్టాలి. చందా అడగడం మాకు నచ్చలేదు. ఏదన్నా చేసి అమ్ముదాం అనుకున్నాం. అట్లా వచ్చింది కేలెండర్ ఆలోచన. పన్నెండు నెలలు, పన్నెండు పూలు. బూరుగ, మోదుగ, ఇప్ప, రేల, కొడిశపాల, అగ్నిశిఖ, పత్తి, తంగేడు, గునుగు, వలిసె ఇట్లా. అన్నీ మన అడవిలో, మన చేలల్లో పూసేవే. ఫోటోలు మావే, ఎడిటింగ్ మాదే.

పంచాయితీ మొదటి రోజే మొదలైంది. ఒక తమ్ముడు అన్నాడు: "ఉన్నది ఉన్నట్టు పెడదాం. రంగులు మార్చుడు మోసం." ఇంకొకడు, ఎడిటింగ్‌లో మా అందరికంటే చెయ్యి తిరిగినవాడు, "గట్ల పెడితే ఎవరు కొంటరురా? గోడకు పెట్టుకునేది జర మెరవాలె గదా" అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే తొందరగా తెగలేదు.

రంగు వేయడమే మోసం అంటే ముందు బతుకమ్మను ఆపాలి. గునుగు చేలగట్ల మీద తెల్లగా, కొసన లేత గులాబీగా పూస్తుంది. దాన్ని కోసుకొచ్చి, కట్టలు కట్టి, రంగునీళ్లలో ముంచి ఎర్రది, నీలిది, ఆకుపచ్చది చేసి బతుకమ్మలో వరసలుగా పేరుస్తారు. నీలి గునుగు ఏ చేనులోనూ పూయదు. అయినా అది చూసి మోసం అన్నవాళ్లు ఎవరూ లేరు. పేర్చేవాళ్లకు తెలుసు, చూసేవాళ్లకు తెలుసు, పక్కన ఆడుకునే చిన్నపిల్లలకు కూడా అది అద్దిన రంగని తెలుసు. హోలీకి మనం మోదుగ పూలు ఉడకబెడతాం. చెట్టు మీద నిప్పులా ఉన్న పువ్వు నీళ్లలోకి దిగేసరికి పసుపూ కాషాయమూ అవుతుంది. ఇది పువ్వు రంగు కాదని ఎవరూ గొడవపడరు. అంటే పువ్వును తీసుకుని ఇంకోటి చేయడం మనకు కొత్త పని కాదు. ఈ మాట చెప్పాక "మోసం" అన్న తమ్ముడు కొంచెం చల్లబడ్డాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. "ఉన్నది ఉన్నట్టు" ఫోటో అనేది ఫోన్‌లో దొరకదు. ఇప్ప పువ్వునే తీసుకోండి. అది రాత్రి విచ్చుకుంటుంది, తెల్లవారుజామున రాలుతుంది. మన అవ్వలు చీకటితోనే గంపలు పట్టుకుని పోతారు. ఆ వేళ వెలుతురు నీలంగా, తక్కువగా ఉంటుంది. ఫోన్ తనంతట తానే ఆ నీలాన్ని తగ్గిస్తుంది. వెలుతురు చాలదు కాబట్టి సెన్సార్ నుంచి వచ్చిన సంకేతాన్ని పెంచుతుంది. దాంతో ఫోటోలో ఇసుక చల్లినట్టు నలకలు వస్తాయి. ఆ నలకలు పోవడానికి మళ్లీ నునుపు చేస్తుంది. ఆ నునుపులో ఇప్ప మొగ్గ మీదుండే గోధుమరంగు నూగు మొత్తం పోతుంది. మీగడ రంగు పువ్వు సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తుంది. మనం ఏ యాప్ తెరవకముందే ఫోన్ ఒకసారి ఎడిట్ చేసి మన చేతికిచ్చిందన్నమాట. కాబట్టి ఎడిట్ చేయకపోవడం నిజాయితీ అనుకోవడం కుదరదు. చేయకపోతే ఫోన్ చేసినదే మిగులుతుంది.

దీనికి మేం వాడే చిట్కా చెప్తాం, ఎవరికైనా పనికొస్తుంది. పువ్వు పక్కన తెల్ల నోటుబుక్ కాగితం పెట్టి ఒక ఫోటో తీయండి. తర్వాత కాగితం తీసేసి ఇంకోటి తీయండి. స్నాప్‌సీడ్‌లో వైట్ బ్యాలెన్స్ అని ఉంటుంది, అందులో డ్రాపర్ గుర్తు ఉంటుంది. మొదటి ఫోటోలో దాన్ని కాగితం మీద పెడితే కాగితం తెల్లబడుతుంది, దాంతో పువ్వు కూడా తన రంగులోకి వస్తుంది. అక్కడ ఏ అంకెలు వచ్చాయో చూసి రెండో ఫోటోకు అవే పెట్టుకోవచ్చు. నోటుబుక్ కాగితంలో కూడా కాస్త నీలం ఉంటుంది, కాబట్టి ఇది నూటికి నూరుపాళ్లు కుదరదు. కానీ ఊరికే కంటి అందాజు మీద లాగడం కంటే చాలా నయం.

మోదుగకు వేరే తిప్పలు. ఫోన్ ఫోటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. మధ్యాహ్నం ఎండలో మోదుగ తీస్తే ఎరుపు అంకె నేరుగా 255కు పోయి ఆగిపోతుంది. రేకు మీద ముడత ఉన్నచోటా 255, లేనిచోటా 255. ఇక మడతలు, నీడలు ఏవీ కనపడవు, ఎర్రటి ముద్ద ఒకటి కనిపిస్తుంది. దాని మీద మనం సాచురేషన్ ఇంకా పెంచుతాం. పువ్వు మెరుస్తుంది, కానీ అసలు పువ్వులో ఉన్నది పోతుంది. మోదుగ రేకు మీద వెండిలాంటి సన్నటి నూగు ఉంటుంది. తొడిమ దగ్గర గిన్నె ముదురు రంగులో, మఖమల్ గుడ్డలా ఉంటుంది. రేకు చిలుక ముక్కులా వంగి ఉంటుంది. ఇవన్నీ నీడల్లోనే కనిపిస్తాయి. అందుకే తీసేటప్పుడే స్క్రీన్ మీద పువ్వును తాకి, వెలుతురు గుర్తును కిందికి లాగి, ఫోటోను కొంచెం చీకటిగా తీయండి. చీకటిని తర్వాత పెంచుకోవచ్చు. 255 దాటిపోయింది మాత్రం ఏ యాప్‌లోనూ తిరిగి రాదు.

మోదుగనే మేం బ్లాక్ అండ్ వైట్‌లో కూడా చేశాం. అందులో ఒక తమాషా ఉంది. నలుపు-తెలుపుగా మార్చేటప్పుడు ఎర్ర ఫిల్టర్ పెడితే మోదుగ తెల్లగా వెలుగుతుంది, వెనక ఆకాశం నల్లబడుతుంది. నీలం ఫిల్టర్ పెడితే అదే పువ్వు బొగ్గులా నల్లగా, ఆకాశం తెల్లగా వస్తుంది. పువ్వు ఒక్కటే, ఫోటో ఒక్కటే. ఏ రంగు వెలుతురును లెక్కలోకి తీసుకోవాలన్నది మన ఇష్టం. రెండూ బాగున్నాయి. ఒకటి పగటి మోదుగ లాగా, ఇంకోటి రాత్రి మోదుగ లాగా.

ఇట్లాంటి పని చేసిన మొదటివాళ్లం మనం కాదు. 1842లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త ఇనుము లవణాలతో నీలిరంగు ముద్రలు తీసే పద్ధతి కనిపెట్టాడు, దాన్ని సయనోటైప్ అంటారు. మరుసటి ఏడు 1843 నుంచి ఇంగ్లండ్‌లో ఆనా అట్కిన్స్ అనే ఆమె సముద్రపు నాచు మొక్కలను ఆ కాగితం మీద నేరుగా పరిచి, ఎండలో పెట్టి, ముద్రలు తీసి పుస్తకంగా చేసింది. ఫోటో పద్ధతితో బొమ్మలేసిన మొదటి పుస్తకంగా దాన్నే చెప్తారు. అందులో ప్రతి మొక్కా నీలం మీద తెల్లగా ఉంటుంది. రంగు మొత్తం అబద్ధం. కానీ ఆకారం వెంట్రుకవాసి కూడా తప్పదు, పక్కన మొక్క పేరు కూడా ఉంటుంది. చదివేవాళ్లకు అది నీలిముద్ర అని తెలుసు, కాబట్టి రంగు కోసం చూడరు, ఆకారం కోసం చూస్తారు. జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ 1928లో వేసిన పుస్తకంలో మొగ్గలు, చిగుళ్లు, కాయలు ఎన్నో రెట్లు పెద్దవిగా, బ్లాక్ అండ్ వైట్‌లో ఉంటాయి. అవి చూస్తే ఇనుప గేటు మీది నగిషీల్లాగా ఉంటాయి.

అంతదూరం పోనక్కర్లేదు. మన గోండు కళాకారులనే చూడండి. మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్ నుంచి వచ్చిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ మొదలుపెట్టిన దారిలో నడిచిన ముగ్గురు, భజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి, చెట్ల మీద బొమ్మలు గీస్తే చెన్నైలోని తారా బుక్స్ 2006లో పుస్తకంగా వేసింది. నల్ల కాగితం మీద రాత్రిపూట చెట్లు. ఏ చెట్టూ అడవిలో ఉన్న రంగులో ఉండదు. గీతలు, చుక్కలు, కొమ్మలే జంతువులవడం, అన్నీ ఉంటాయి. అయినా అవి మన చెట్లే అని చూడగానే తెలుస్తుంది. ఎందుకు? గీసినవాళ్లకు ఆ చెట్టు తెలుసు. ఆ చెట్టు కింద ఎవరు కూర్చుంటారో, దాని కథేందో తెలుసు. తెలిసి మార్చారు. ఫోన్‌లో "ట్రైబల్" అని పేరు పెట్టిన ఫిల్టర్ ఒకటి నొక్కితే ఏ పువ్వు మీదైనా అవే చుక్కలు పడతాయి, గులాబీ అయినా ఇప్ప అయినా ఒకటే. చేత్తో పెట్టిన చుక్కకూ ఆ చుక్కకూ ఉన్న తేడా మేం ఈ పుస్తకం చూశాకే సరిగ్గా మాటల్లో పెట్టగలిగాం.

ఇక మా అసలు పరీక్ష. ఒక్కో పువ్వువి మూడు రకాల ఫోటోలు చేశాం. ఒకటి, కాగితం పెట్టి రంగు సరిచేసింది. రెండు, వెనకంతా నల్లగా చేసి పువ్వొక్కటే వెలిగేటట్టు చేసింది. మూడు, పూర్తిగా ఆర్ట్ లాగా చేసింది. ఇప్పకు మూడో రకం రెండు చేశాం. ఒకదాంట్లో పువ్వు బంగారు, ఊదా రంగుల్లో నగలాగా ఉంటుంది. ఇంకోదాంట్లో మా ఇంటి మట్టిగోడ ఫోటో తీసి, డబుల్ ఎక్స్‌పోజర్‌లో ఓవర్‌లే పెట్టి, పువ్వు మీద పలచగా పరిచాం. అలికిన చేతివేళ్ల గీతలు రేకుల మీదుగా పోతుంటాయి. ఇవన్నీ చిన్న సైజులో ప్రింట్లు తీయించి ఊరికి తీసుకుపోయాం. పేర్లు చెప్పకుండా అవ్వల ముందు పరిచి, ఏది ఏదో చెప్పమన్నాం. వాళ్లు గోండిలో అన్నవి ఇక్కడ తెలుగులో రాస్తున్నాం.

నలుపు-తెలుపు మోదుగను రెండు సెకన్లలో గుర్తుపట్టారు. రంగే లేదు కదా అంటే, "ముక్కు ఉంది గదా" అన్నది ఒక అవ్వ. నీలం ఫిల్టర్‌తో నల్లబడిన మోదుగను కూడా ముక్కును బట్టే చెప్పింది. మట్టిగోడ ఇప్పను చూసి నవ్వింది. "పువ్వు ఇప్పది. గోడ ఎవరిది? అలికింది బాగలేదు, పైన సందులు ఉన్నయ్." గోడ ఎవరి ఇంటిదో వాళ్లు వెనకాల తల దించుకున్నారు.

నల్ల వెనకతో ఉన్న ఇప్ప దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. పువ్వు ఇప్పే అన్నది. తర్వాత అడిగింది, "ఇది కొమ్మ మీదుందా, కిందుందా?" మేం నల్లగా చేశాం కాబట్టి అది తెలియదు. "కింద నేల ఊడ్చిన్రా? ఆకులు కాల్చిన్రా? ఒక్క పువ్వును పెడితే నాకేం తెలుస్తది." మనకు ఇప్ప అంటే గాలిలో వేలాడే పువ్వు కాదు కదా. నేల మీద పరుచుకుని, ఏరుకోవలసినది. మీగడ రంగు భాగం రాలుతుంది, గోధుమరంగు గిన్నె కొమ్మ మీదే ఉండిపోతుంది. పువ్వు కింద నేల ఎట్లా ఉందో చూస్తే ఆ రోజు ఎంత రాలిందో, ఏరినవాళ్లున్నారో లేదో తెలుస్తుంది. ఫోటోలో "అడ్డం" అనుకుని మేం చీకటి చేసిన భాగం ఆమెకు సగం కథ.

బంగారు, ఊదా రంగు ఇప్పను చేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పక్క అవ్వకిచ్చింది. ఆమె అడిగిన మాట మాకు ఇంకా చెవుల్లో ఉంది. "ఇది పాడైందా?" ఇప్ప రంగు మన ఇళ్లల్లో అందం లెక్క కాదు. రాలినప్పుడు మీగడ రంగు, ఎండితే ఎరుపు కలిసిన గోధుమ రంగు, సరిగ్గా ఎండక తేమ పడితే నలుపు. రంగు చూసే తినొచ్చా, దాచొచ్చా, సంతకు తీసుకుపోవచ్చా అని చెప్తారు. ఊదా రంగు ఇప్ప ఆమె కంటికి నగలాగా కనిపించలేదు, చెడిన తిండిలాగా కనిపించింది. ఉట్నూరులో మన ఆడవాళ్లు సంఘంగా కూడి ఇప్పపువ్వు లడ్లు చేసి అమ్ముతున్నారు కదా. ఆ లడ్డు డబ్బా మీద ఇట్లాంటి రంగు ఫోటో పడితే కొనేవాడికి ఏమర్థమవుతుంది, చేసినవాళ్లకు ఏమనిపిస్తుంది అని మేం అక్కడే కూర్చుని మాట్లాడుకున్నాం.

అగ్నిశిఖ ఫోటో దగ్గర ఇంకో సంగతి బయటపడింది. దీన్నే అడవినాభి అని కూడా అంటారు. వానాకాలంలో కంచెల మీద పాకుతుంది. పువ్వు ముందు పసుపు, ఆకుపచ్చగా ఉండి, రోజులు గడిచేకొద్దీ ఎర్రబడుతుంది. దాని గడ్డలో కోల్చిసిన్ అనే విషం ఉంటుంది, తింటే ప్రాణం మీదికి వస్తుంది. అడవిలో గడ్డలు తవ్వుకుని తినే మనకు ఇది ఆషామాషీ విషయం కాదు. దాన్ని పువ్వు లేని కాలంలో గుర్తుపట్టేది ఆకుతోనే. ఆకు కొస సన్నటి తీగలా చుట్టుకుని దొరికినదాన్ని పట్టుకుంటుంది. మా నల్ల వెనక ఫోటోలో ఆకులే లేవు. ఊరి బడిపిల్లలు మా కేలెండర్ చూసి మొక్కలు నేర్చుకుంటారని మేం గొప్పగా అనుకున్నాం కదా, ఆకు లేని అగ్నిశిఖతో వాళ్లు ఏం నేర్చుకుంటారు? ఈ ఒక్క పేజీ విషయంలో ఐదుగురం వెంటనే ఒప్పుకున్నాం. ఆకు కనిపించాలి, రంగు జరగకూడదు, "గడ్డ విషం" అని కింద రాయాలి.

పాడేరు తమ్ముడిది వలిసె బాధ. అరకు వైపు చలికాలం ముందు వలిసె చేలు పసుపుగా పూస్తాయి. టూరిస్టులు కార్లు ఆపి చేలో దిగి ఫోటోలు తీసుకుంటారు. కొందరు రైతులు ఫోటోకింత అని తీసుకుంటారు, తొక్కిన పంటకు అదేమీ ఎక్కువ కాదు. "ఆ ఫోటోలన్నీ తర్వాత నారింజ రంగులో కనిపిస్తాయి అన్నా. కింద పొద్దుతిరుగుడు తోట అని రాస్తారు. వలిసెలు అన్న పేరే ఉండదు. ఆ గింజలతో నూనె తీస్తామని, తేనెటీగలు దాని మీదే బతుకుతాయని ఎవరికీ తెలీదు" అన్నాడు. రంగు మారితే పేరు మారుతుంది, పేరు మారితే పంట వేసినవాడు కూడా ఫోటోలోంచి పోతాడు. అతని పేజీలో మేం చేను మొత్తం ఉంచాం, గట్టు మీద నిలబడ్డ వాళ్లమ్మ వీపుతో సహా. ఆమెను అడిగే పెట్టాం.

అడగడం గురించి ఒక మాట. పన్నెండు పూల జాబితాలో ఒక పువ్వును పెద్దలు వద్దన్నారు. అది పూజకు వాడేది, గోడకు వేలాడదీసేది కాదన్నారు. ఎడిట్ చేసి గుర్తుపట్టకుండా పెడతామంటే, "గుర్తుపట్టకపోతే పెట్టుడెందుకు?" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ పువ్వు తీసేసి కంది పువ్వు పెట్టుకున్నాం. దాని పేరు ఇక్కడ కూడా రాయడం లేదు. ఇంకోటి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ ఉంటే ఫోటో ఫైల్‌లోనే ఆ చెట్టు ఎక్కడుందో అంకెలతో సహా పడుతుంది. మందు మొక్కల విషయంలో ఇది ఆలోచించాల్సిన సంగతి. తీసే ముందే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి.

ఊరి నుంచి తిరిగొచ్చాక కేలెండర్ ఇట్లా చేయాలని నిర్ణయించుకున్నాం. ప్రతి పేజీలో పెద్దది ఆర్ట్ ఫోటో. కింద మూలన అగ్గిపెట్టెంత సైజులో రంగు సరిచేసిన మామూలు ఫోటో, ఆకులతో, నేలతో. పక్కన ఒక్క లైన్: ఏం మార్చామో. "వెనక చీకటి చేశాం. మట్టిగోడ ఫోటో కలిపాం." అంతే. బంగారు ఇప్పను కూడా తీసేయలేదు. చేసినవాడి పనితనం అందులో ఉంది, నిజంగా బాగుంది. మూలన చిన్న ఇప్ప పక్కనుంటే ఆ బంగారం బతుకమ్మలోని నీలి గునుగు లాంటిదే.

ప్రింటింగ్ దగ్గర ఇంకో పాఠం. ఫోన్ స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది. కాగితం మీద నాలుగు సిరాలే: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. స్క్రీన్ మీద మండే నారింజ, ఊదా రంగులు సిరాలో అంతగా రావు, మాసినట్టు వస్తాయి. రంగు ఎంత ఎక్కువ పెంచితే కాగితం మీద అంత నిరాశ. తక్కువ పెంచిన మోదుగ పేజీయే అచ్చులో అన్నిటికంటే బాగా వచ్చింది. ఎక్కువ కాపీలు వేసే ముందు ఒక్క పేజీ అచ్చు తీయించి, ఎండలో పట్టుకుని చూడండి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఒక షాపాయన శాంపిల్ చూసి నూట యాభై కాపీలు తీసుకుంటానన్నాడు. మాకది పెద్ద ఆర్డర్. ఒక్క షరతు పెట్టాడు. మూలనున్న చిన్న ఫోటోలు, ఆ లైను తీసేయాలి. "డిజైన్ ఖరాబ్ అయితుంది, ఏం మార్చిన్రో ఎవనికి కావాలె" అన్నాడు. ఆయన కోణంలో ఆయన మాట సరైనదే, గోడకు అందంగా ఉండాలి, అమ్ముడుపోవాలి. ఆ రాత్రి రూములో ఓటు పెట్టుకున్నాం. ముగ్గురు వద్దన్నారు, ఇద్దరు ఇద్దామన్నారు. ఇద్దామన్నవాళ్ల వాదన తక్కువదేం కాదు: "చెల్లెళ్ల ఫీజు కంటే మూలన ఫోటో ఎక్కువా?" వద్దన్నవాళ్లు చెప్పింది: "ఆ లైన్ తీసేస్తే ఇది ఎవరైనా చేసే పూల కేలెండర్. మనం చేసినట్టు ఎక్కడుంది? అవ్వ చేతికి ఎట్లా ఇస్తాం?" ఆర్డర్ వదులుకున్నాం. విడిగా అమ్ముకుంటే ఫీజులో సగం కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. మిగతాది ఐదుగురం ట్యూషన్లు చెప్పి, కేటరింగ్ పనికి పోయి కడుతున్నాం. ఆ ఇద్దరూ ఇప్పటికీ ఆర్డర్ ఇచ్చి ఉండాల్సింది అంటారు. ఈ పోస్టులో ఆ మాట కూడా రాయాలన్నారు, రాశాం.

అయినా ఒక మాట మాత్రం ఐదుగురం కలిసే చెప్తున్నాం. బయటివాళ్లు మన పువ్వులను తీసి, రంగు పెంచి, పేరు లేకుండా తిప్పుతుంటే మనకు కోపమొస్తుంది. న్యాయమే. కానీ మన చేతిలో ఫోన్ ఉన్నప్పుడు మనం ఏం చేస్తున్నామన్నది మన చేతిలో పని. దీనికి డబ్బు అక్కర్లేదు, పెద్ద కెమెరా అక్కర్లేదు. అసలు ఫోటోను చెరిపేయకుండా దాచుకోండి, ఎడిట్ చేసినదాన్ని వేరే కాపీగా సేవ్ చేయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే సైజు తగ్గి వివరాలు పోతాయి. పువ్వొక్కటే కాకుండా ఆకు, కాండం, నేల కనిపించేది ఇంకోటి తీయండి. పేరు మీ భాషలో ఏమంటారో రాయండి. గోండి, కొలామి, కోయ, కువి, ఆదివాసీ ఒరియా, ఏదైనా సరే. ఎడిట్ చేశాక ఊళ్లో పెద్దవాళ్లకు ఒకసారి చూపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలు ఏ ఎడిటింగ్ వీడియోలోనూ దొరకవు.

వచ్చే ఏడు కేలెండర్‌కు మా ఐదు ఫోన్లు చాలవు. భద్రాచలం వైపు, సీతంపేట వైపు, నల్లమలలో ఏం పూస్తాయో మాకు తెలియదు. మీరు పంపండి. బంగారం పూసినా పర్వాలేదు, నీలం చేసినా పర్వాలేదు, చుక్కలు పెట్టినా పర్వాలేదు. దానితోపాటు అసలుది పంపండి, ఏం మార్చారో ఒక్క లైన్ రాయండి. ఆ లైన్ మేం తీసేయం.

జోహార్.
రూములో ఐదుగురం